పది మీటర్లు, పదివేలు: మొదటి ఎయిర్ గన్ కొనేవాళ్లకు

మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న మన పడమటి మండలాల్లో పెరిగినవాళ్లలో చాలామంది మొదటిసారి తుపాకీ పట్టుకునేది జాతరలోనే. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర కానీ, కుప్పం తిరుపతి గంగమ్మ జాతర కానీ, బొరుగుల అంగళ్లు దాటి నాలుగడుగులు వేస్తే ఒక పరదా, దానికి వరసలుగా కట్టిన బెలూన్లు, ముందు బల్ల మీద ఎయిర్ గన్ కనిపిస్తాయి. డబ్బులిచ్చి అయిదారు గుండ్లు కొడతాం. రెండు బెలూన్లు పేలితే వెనకున్నవాళ్లు ఈల వేస్తారు. ఆ సరదా అక్కడితో పోదు. చదువైపోయి, ఉద్యోగం వచ్చి, చేతిలో నాలుగు రూపాయలు మిగిలాక, సొంతంగా ఒకటి కొనుక్కుంటే బాగుంటుందన్న ఆలోచన మళ్లీ తలెత్తుతుంది.

ఇప్పుడు ఆ ఆలోచనకు బెంగళూరు కూడా తోడైంది. అక్కడ ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలు ఆఫీసు స్నేహితులతో కలిసి ఊరి బయటి రిసార్టుల్లో పెయింట్‌బాల్ ఆడి వస్తున్నారు. సెలవులకు కుప్పంలో రైలు దిగినవాళ్లూ, చింతామణి మీదుగా మదనపల్లెలో బస్సు దిగినవాళ్లూ ఇంట్లో అడిగే మాట ఒకటే: "ఆ రంగు తుపాకీ ఒకటి కొంటే మన తోటలోనే ఆడుకోవచ్చు కదా?"

నా సమాధానం సూటిగా చెప్తాను. పెయింట్‌బాల్ ఆడాలనిపిస్తే ఆ మైదానానికే వెళ్లి, అద్దె తుపాకీతో ఆడండి. ఊళ్లో, ఇంటి దగ్గర, తీరిక దొరికినప్పుడు గురి చూసి కొట్టే సరదా కావాలంటే ఎయిర్ రైఫిల్ కొనండి. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా తెలియకుండా డబ్బు తీయొద్దు.

పెయింట్‌బాల్ పుట్టిందే పని కోసం. 1970లలో అమెరికాలో నెల్సన్ పెయింట్ కంపెనీ, కొట్టాల్సిన చెట్లకూ మందలో వేరు చేయాల్సిన పశువులకూ దూరం నుంచే రంగు గుర్తు పెట్టడానికి ఒక పనిముట్టును అమ్మేది. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో పన్నెండు మంది మిత్రులు ఆ పనిముట్లు పట్టుకుని అడవిలోకి దిగి, జెండాలు సేకరించే ఆట ఆడారు. గెలిచినవాడు ఒక్క గుండు కూడా పేల్చలేదు. చెట్ల చాటున కదలడం తెలిసినవాడు కాబట్టి గెలిచాడు. అప్పటికీ ఇప్పటికీ ఆ ఆట ప్రాణం మనుషుల్లోనూ మైదానంలోనూ ఉంది. రెండు జట్లు కావాలి, ప్రతి ఒక్కరి ముఖానికీ మాస్కు కావాలి, చుట్టూ వల కట్టిన స్థలం కావాలి, గ్యాస్ సిలిండర్ నింపేవాళ్లు కావాలి, జెలటిన్ తొడుగున్న రంగు గుండ్లు ఎండకూ చెమ్మకూ పాడవకుండా నిల్వ చేసే చోటు కావాలి. ఇవేవీ లేకుండా ఒక్క మార్కర్, అంటే ఆ రంగు తుపాకీ, కొనుక్కుంటే అది బీరువాలో కూర్చుంటుంది. పెయింట్‌బాల్ మీద నిజంగా ఇష్టం ఉండి తరచూ ఆడేవాళ్లు కూడా మొదట కొనాల్సింది సొంత మాస్కు. పదిమంది ముఖాల మీదుగా వచ్చిన, అద్దం గీతలు పడిన అద్దె మాస్కులో నుంచి చూస్తూ ఎంత ఖరీదైన తుపాకీ పట్టుకున్నా ఉపయోగం లేదు.

ఎయిర్ రైఫిల్ సంగతి వేరు. ఒక మనిషి చాలు. పది మీటర్ల నిడివి చాలు. గ్యాస్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, జట్టు అక్కర్లేదు. తెల్లవారి కాఫీ తాగి అరగంట, సాయంత్రం పశువులు ఇంటికి చేరే వేళకు ఇంకో అరగంట చాలు.

అయితే పెయింట్‌బాల్ నుంచి వచ్చేవాళ్లు వదిలేయాల్సిన అలవాటు ఒకటుంది. ఇది ఈ అధ్యాయంలోకెల్లా ముఖ్యమైన విషయం కాబట్టి లెక్కతో సహా చెప్తాను. పెయింట్‌బాల్ గుండు వ్యాసం దాదాపు 17 మిల్లీమీటర్లు, బరువు మూడు గ్రాములు, మైదానాల్లో అనుమతించే గరిష్ఠ వేగం సెకనుకు 300 అడుగులు, అంటే 91 మీటర్లు. దాని శక్తి పన్నెండు జౌళ్ల పైచిలుకు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ పెల్లెట్ శక్తి ఎనిమిది జౌళ్ల దగ్గర ఉంటుంది. అంకె చూస్తే పెయింట్‌బాలే ఎక్కువ. కానీ అది మెత్తటిది, తగలగానే పగిలిపోతుంది, ఆ దెబ్బ వెడల్పుగా పరుచుకుంటుంది. పెల్లెట్ సీసంతో చేసింది, వ్యాసం 4.5 మిల్లీమీటర్లే. తగిలే చోటు వైశాల్యం పెయింట్‌బాల్‌తో పోలిస్తే దాదాపు పదిహేనో వంతు. చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, కంటికి తగిలితే కన్ను పోతుంది. మనిషికి గురిపెట్టి కాల్చడమే పెయింట్‌బాల్ ఆట. ఎయిర్ గన్‌ను మనిషి వైపు తిప్పడమే తప్పు, లోపల పెల్లెట్ ఉన్నా లేకపోయినా, సరదాకైనా సరే. ఈ మాట ఇంట్లో అందరికీ ఎక్కాకే తుపాకీ గడప దాటాలి.

ముందు చోటు, తర్వాత తుపాకీ

మన తెలుగు నేలలో ఈ క్రీడకు పేరు తెచ్చిన గగన్ నారంగ్ చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగాడు. 1997లో తండ్రి కొనిచ్చిన ఎయిర్ పిస్టల్‌తో బేగంపేటలోని తమ ఇంటి పెరట్లో సాధన మొదలుపెట్టాడు. పదిహేనేళ్ల తర్వాత, 2012 జులై 30న లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. మనందరం ఒలింపిక్స్‌కు వెళ్లం, వెళ్లాల్సిన అవసరమూ లేదు. కానీ అంత దూరం వెళ్లినవాడు కూడా ఒక పెరట్లోంచి మొదలయ్యాడన్నది గమనించండి. అందుకే అంగడికి వెళ్లే ముందు టేపు తీసుకుని మీ పెరడు కొలవండి. గురి చూసే గీత నుంచి గురిగా పెట్టే కార్డు దాకా పది మీటర్లు రావాలి. ఎనిమిదే వస్తే ఎనిమిదితోనే మొదలుపెట్టండి, దిగులు పడాల్సింది లేదు. కానీ కార్డు వెనక ఏముందన్నది మాత్రం రాజీ పడకుండా చూసుకోండి.

మన ప్రాంతంలో ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఇది రాతి సీమ. ఇంటి పునాది రాయి, గట్టు రాయి, చాలా చోట్ల దొడ్డికి కంచె కూడా నిలబెట్టిన రాతి బండలే. సీసపు పెల్లెట్ గట్టి రాతికి తగిలితే వెనక్కి ఎగురుతుంది. పది మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి ముఖం దాకా రాగలదు. కాబట్టి బండరాయి ముందు ఒట్టి కార్డు అంటించి ఎప్పుడూ కొట్టొద్దు. ఒక గట్టి అట్టపెట్టె తీసుకుని అందులో పాత వార్తాపత్రికలు తడిపి కాకుండా పొడిగానే, చేత్తో నొక్కితే లొంగనంత బిగువుగా కుక్కండి. దాని వెనక ఇసుక నింపిన గోనె మూటలు రెండు పేర్చండి. కార్డును పెట్టె ముఖాన అంటించండి. పేపర్లు నలిగి మెత్తబడ్డప్పుడల్లా మార్చాలి. అలా మార్చేటప్పుడు రాలిన సీసం ముక్కల్ని ఒక డబ్బాలో వేయండి. కోళ్లు తిరిగే చోట, పశువుల మేత వేసే చోట సీసం పడనివ్వకూడదు. కొట్టడం అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ తినొద్దు.

మిద్దె మీద నుంచి కొట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. గురి తప్పిన పెల్లెట్ వందల మీటర్లు పోతుంది. పక్క వీధిలో ఎవరి నెత్తిన పడుతుందో మీకు తెలియదు. కార్డు వెనక దారి, తలుపు, కిటికీ ఏదీ ఉండకూడదు. కొట్టేవాడి వెనక తప్ప ఇంకెక్కడా మనుషులు నిలబడకూడదు. కొట్టేవాళ్లూ చూసేవాళ్లూ కంటికి గట్టి ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోవాలి.

ఇరుగు పొరుగు సంగతి కూడా చోటు సంగతే. మన కొండవాలు ఊళ్లలో తుపాకీ అనగానే జనానికి గుర్తొచ్చేది నాటు తుపాకీ, అడవిపందుల వేట, దాని వెంట పోలీసు కేసు. మీ పెరట్లో 'టప్' అని శబ్దం వినిపిస్తే పక్కింటి పెద్దాయన భయపడడంలో తప్పు లేదు. మొదటి రోజే ఆయన్ను పిలిచి, కూర్చోబెట్టి, కాగితం మీద బెజ్జాలు చూపించి, "పెద్దాయనా, ఇది కార్డు మీద కొట్టే ఆట, ఇంతకు మించి ఏమీ లేదు" అని చెప్పండి. ఒక గంట ఖర్చు పెడితే ఏళ్ల తరబడి మనశ్శాంతి ఉంటుంది.

చట్టం గీసిన గీత

2016 ఆయుధ నియమాల ప్రకారం శక్తి 20 జౌళ్లు మించినా, గొట్టం లోపలి వ్యాసం .177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించినా ఆ ఎయిర్ గన్‌కు లైసెన్సు కావాలి. ఆ గీతకు లోపల ఉన్నదానికి అక్కర్లేదు. మొదటి తుపాకీగా .177 తప్ప వేరేది చూడనే వద్దు. .22 ఎయిర్ గన్ 'కొంచెం పెద్దదే కదా' అని ఎవరైనా బిల్లు లేకుండా ఇవ్వబోతే లేచి వచ్చేయండి. మీ పేరు మీద బిల్లు, దాని మీద మోడల్ పేరు, వరస సంఖ్య, కాలిబర్ రాయించుకోండి. నకలు ఒకటి తుపాకీ సంచిలోనే ఉంచండి. దారిలో ఎవరైనా ఆపి అడిగితే మీరు నోటితో చెప్పే మాటకన్నా ఆ కాగితం బాగా పనిచేస్తుంది. బస్సులో తెచ్చినా బండి మీద తెచ్చినా సంచిలో మూసే తేవాలి.

పిట్టల మీదికి ఎత్తడం మాత్రం పూర్తిగా మరిచిపోవాలి. మా చిన్నప్పుడు పెద్దవాళ్లు కొట్టేవాళ్లని ఇంట్లో కథలు చెప్పేవాళ్లు ఉంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ రోజులు పోయాయి. గువ్వ, కౌజు, చిలుక, నెమలి ఏది కొట్టినా వేట కిందే లెక్క. కుప్పం, పలమనేరు పక్కనే ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం ఉంది. ఆ అడవి అంచుల్లో చేతిలో తుపాకీతో కనిపించడమే మిమ్మల్ని చిక్కుల్లో పడేస్తుంది. మన ఆట కాగితం మీద. ప్రాణం ఉన్నదాని మీద కాదు.

వేగం పేరు చెప్పి అమ్ముతారు

అంగట్లోకి అడుగు పెట్టగానే వినిపించే మాట ఇది: "అన్నా, ఇది వెయ్యి ఎఫ్‌పీఎస్." సెకనుకు వెయ్యి అడుగులని అర్థం. కొత్తవాడు అక్కడే పడిపోతాడు. ఆ అంకెను ఒకసారి లెక్క కట్టి చూద్దాం. శక్తి జౌళ్లలో కావాలంటే పెల్లెట్ బరువును కిలోల్లో తీసుకుని, వేగాన్ని వేగంతోనే హెచ్చించి, రెంటినీ హెచ్చించి, సగం చేయాలి. వెయ్యి అడుగులంటే దాదాపు 305 మీటర్లు. మామూలు పెల్లెట్ బరువు 0.53 గ్రాములు. లెక్క కడితే 24 జౌళ్లు దాటుతుంది. అంటే ఆ మాట నిజమైతే తుపాకీ లైసెన్సు గీత దాటిపోయింది. నిజం కాకపోతే అబద్ధం చెప్పి అమ్ముతున్నాడు. మూడో దారి, బాగా తేలికైన పెల్లెట్ వేసి కొలిచిన అంకెను చెప్తూ ఉండొచ్చు. మూడింట్లో ఏదైనా అది మీకు పనికొచ్చే అంకె కాదు. 0.53 గ్రాముల పెల్లెట్‌తో సెకనుకు 270 మీటర్లు దాటితే 20 జౌళ్ల హద్దుకు చేరువయ్యామని గుర్తుంచుకుంటే చాలు.

ఇంకో మాట వింటే వేగం మీద మోజు దానంతటదే తగ్గుతుంది. ఒలింపిక్స్‌లో పది మీటర్ల దూరాన, అర మిల్లీమీటరు చుక్కను కొట్టడానికి వాడే లక్షల రూపాయల రైఫిళ్లు పెల్లెట్‌ను సెకనుకు 170-175 మీటర్ల వేగంతోనే పంపుతాయి. అంతకు మించి అవసరం లేదని వాటిని తయారు చేసేవాళ్లకు తెలుసు. వేగం పెరిగేకొద్దీ స్ప్రింగ్ బలం పెరగాలి, స్ప్రింగ్ బలం పెరిగేకొద్దీ గొట్టం వంచడం కష్టమవుతుంది, తుపాకీ ఎక్కువగా అదురుతుంది, చప్పుడు పెరుగుతుంది. ఇరవై గుండ్లకే భుజం నొప్పెట్టి, తుపాకీ మూల పడుతుంది. రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే నెమ్మదైనదాన్నే తీసుకోండి.

రకాల విషయానికొస్తే, మొదటి తుపాకీ గొట్టం వంచి ఎక్కుపెట్టే స్ప్రింగ్ రైఫిలే కావాలి. గొట్టాన్ని కిందికి వంచితే లోపల స్ప్రింగ్ వెనక్కి నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ను తోస్తుంది. ఇంతే యంత్రం. పాడైతే స్ప్రింగో సీలో మారిస్తే సరిపోతుంది. చిన్న సీవోటూ సిలిండర్లతో నడిచేవి చూడ్డానికి బాగుంటాయి, కాల్చడానికి తేలిక. కానీ ఆ సిలిండర్లు కొంటూనే ఉండాలి, పైగా ఎండ వేడికి ఒత్తిడి పెరిగి, మదనపల్లె చలికాలపు తెల్లవారుజాముల్లో తగ్గి, పెల్లెట్ పడే చోటు మారుతూ ఉంటుంది. ముందే గాలి నింపుకునే పీసీపీలు మంచివే, అదురు ఉండదు, కానీ వాటికి 200 బార్ల దాకా నింపే పంపు కావాలి. ఆ పంపు ధరకే మీకు మొదటి రైఫిల్ రావచ్చు. పిస్టల్ కూడా మొదట వద్దు. చేయి కొంచెం తిరిగితే చాలు, దాని మూతి పక్కనున్న మనిషి వైపు పోతుంది. పొడుగు గొట్టం కొత్తవాడికి క్రమశిక్షణ నేర్పుతుంది.

మన దేశంలో తయారయ్యే మామూలు స్ప్రింగ్ రైఫిళ్లు పదివేల రూపాయలకు అటూ ఇటూ దొరుకుతాయి. తుపాకీ గొట్టాలకు లోతైన రంధ్రాలు తొలిచే యంత్రాలు చేసిన అనుభవంతో ఈ రంగంలోకి వచ్చిన మహారాష్ట్ర కంపెనీ ప్రిసిహోల్ వంటివి దేశంలోనే సరైన గొట్టాలు చేస్తున్నాయి. కాబట్టి విదేశీ పేరు కోసం రెండింతలు పెట్టాల్సిన పని లేదు. పదివేలు చేతిలో ఉంటే మొత్తం తుపాకీకే పోయొద్దు. ఏడు వేలలో తుపాకీ చూసుకోండి. మిగిలిన మూడు వేలు పెల్లెట్లకు, కార్డులకు, కంటి అద్దాలకు, సంచికి, ఒక మంచి తాళానికి ఉంచండి. ఏడు వేల తుపాకీతో రెండు వేల పెల్లెట్లు కాల్చినవాడు, పాతిక వేల తుపాకీతో రెండు వందలు కాల్చినవాడికన్నా ఎప్పుడూ బాగా కొడతాడు.

టెలిస్కోపు కూడా ఇప్పుడు వద్దు. స్ప్రింగ్ రైఫిల్ ముందుకూ వెనక్కూ రెండు వైపులా అదురుతుంది. చవక టెలిస్కోపుల లోపలి అద్దాలు ఆ అదురుకు కదిలిపోతాయి. ఇనుప సైటుతోనే, అంటే గొట్టం మీదుండే గురి గుర్తులతోనే నేర్చుకోండి. పది మీటర్లకు అదే ఎక్కువ.

అంగట్లో చేత్తో చూడాల్సినవి

పెల్లెట్ లేదని నిర్ధారించుకున్నాక గొట్టం వంచి, వెనక వైపు నుంచి వెలుతురుకు ఎత్తి చూడండి. లోపల మెలి తిరిగిన గాడులు స్పష్టంగా కనపడాలి. నున్నగా ఉంటే అది బెలూన్లకు పనికొస్తుంది కానీ కార్డుకు పనికిరాదు. గొట్టం మూసి, మూతి పట్టుకుని పక్కలకు ఊపండి. అతుకు దగ్గర కొంచెం కూడా ఆడకూడదు. ఎక్కడికక్కడ కదిలే గొట్టంతో ఎంత సాధన చేసినా ప్రతి గుండూ ఒక్కో చోటికి పోతుంది. వెనక సైటు మర తిప్పి చూడండి, ప్రతి తిప్పుకూ 'టిక్' మని చేతికి తెలియాలి.

ఇక ఎక్కుపెట్టడం మీరే చేయండి, అమ్మేవాడి చేత చేయించొద్దు. ఇంట్లో అక్కో చెల్లెలో కూడా కొడుతుందంటే తనను వెంట తీసుకెళ్లి తన చేతా చేయించండి. తను ఇబ్బంది లేకుండా వంచగలిగిన రైఫిలే మీ ఇంటి రైఫిల్. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ల వయసులో ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయ్యింది. ఈ ఆటలో కండ బలం చేసేది చాలా తక్కువ.

తుపాకీ మడమను భుజానికి ఆనించి, కళ్లు మూసుకుని, చెంప దాని కర్ర మీద పెట్టి కళ్లు తెరవండి. సైటు నేరుగా కంటికి ఎదురుగా రావాలి. మెడ సాచాల్సొస్తే ఆ కొలత మీది కాదు. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కి చూపించమని మాత్రం అడగొద్దు. ముందు పెల్లెట్ లేకపోతే గాలి అడ్డు లేక పిస్టన్ గట్టిగా వెళ్లి గుద్దుకుంటుంది, సీలు దెబ్బతింటుంది. అంగట్లో కొట్టి చూసే వీలుంటే పెల్లెట్ వేసే కొట్టండి. సీలూ స్ప్రింగూ విడిగా దొరుకుతాయో లేదో అడిగి, దొరకవంటే ఇంకో మోడల్ చూడండి.

పెల్లెట్లలో మూతి చదునుగా ఉన్నవి కొనండి. కార్డులో కత్తిరించినట్టు గుండ్రటి బెజ్జం పడుతుంది, లెక్కించడం తేలిక. మొన తేలినవి వేటగాళ్ల కోసం, మనకు అక్కర్లేదు. రెండు మూడు రకాల డబ్బాలు తెచ్చుకుని అయిదేసి కొట్టి చూడండి. ఒక్కో గొట్టానికి ఒక్కో పెల్లెట్ నప్పుతుంది. ఏది నప్పిందో తేలాక దాన్నే వాడండి.

మొదటి నెల

కార్డు కోసం ఎయిర్ పిస్టల్ కార్డు తెప్పించుకోండి. దాని నల్లటి వృత్తం 59.5 మిల్లీమీటర్లు, పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు. ఇనుప సైటుతో నేర్చుకునే కంటికి అది సరైన కొలత. రైఫిల్ కార్డు మధ్యలోని చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది, మొదటి నెలలోనే దాన్ని చూస్తే మనసు విరిగిపోతుంది.

కుర్చీలో కూర్చుని, బల్ల మీద మడిచిన దుప్పటి వేసి, దాని మీద ఎడమ చేయి పెట్టండి. రైఫిల్‌ను ఆ అరచేతిలో ఊరికే ఆనించాలి, బిగించి పట్టుకోకూడదు. స్ప్రింగ్ రైఫిల్లో పెల్లెట్ గొట్టం దాటేలోపే అదురు మొదలవుతుంది. గట్టిగా పట్టుకుంటే ఆ అదురు ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోతుంది. దాన్ని స్వేచ్ఛగా కదలనిస్తే ప్రతిసారీ ఒకేలా కదులుతుంది. కొత్తవాళ్లు 'సైటు సరిగా లేదు' అని విసుక్కునేది చాలాసార్లు ఈ పట్టు వల్లే.

ఊపిరి సగం వదిలి ఆపండి. ఆరేడు సెకన్లలో ట్రిగ్గర్ జారకపోతే కొట్టొద్దు, దించేసి మళ్లీ ఎత్తండి. దించడం ఓటమి కాదు. ఈ ఆటలో అసలు నేర్చుకునేది అదే. తొందరపడి పని ముగించేసే మన అలవాటు, ఒక్క గుండు కోసం ఆగడం నేర్చుకున్నాక నెమ్మదిగా మిగతా పనుల్లోనూ తగ్గుతుందని నమ్ముతాను. గుండు వదిలాక కూడా రెండు క్షణాలు సైటు మీద నుంచి కన్ను తీయకండి.

అయిదు గుండ్లకు ఒక కార్డు. మధ్యలో తగిలాయా లేదా అన్నది మొదట చూడొద్దు. అయిదూ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయా చూడండి. గుంపు దగ్గరగా పడి ఎడమకో కుడికో పోతే అది సైటు మర తిప్పితే సరిపోయే పని. గుంపు చెదిరితే అది మన చేతిలో ఉన్న లోపం. పది రూపాయల బిళ్ల వ్యాసం 27 మిల్లీమీటర్లు. కూర్చుని కొట్టినప్పుడు ఆ బిళ్ల కింద అయిదూ దాగితే మీరు నిలబడి కొట్టడానికి సిద్ధమయ్యారన్నమాట. రోజుకు ముప్పై గుండ్లు చాలు. ప్రతి కార్డు మీదా తేదీ వేసి ఒక ఫైల్లో పెట్టండి. నెల తర్వాత మొదటి కార్డూ చివరి కార్డూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఎవరి మెచ్చుకోలూ అక్కర్లేదు.

పెల్లెట్ పెట్టేటప్పుడు వంచిన గొట్టాన్ని రెండో చేత్తో పట్టుకునే ఉండండి. ట్రిగ్గర్ జారితే గొట్టం ఒక్కసారిగా పైకి లేచి వేళ్లు విరగ్గొడుతుంది. ఎక్కుపెట్టిన రైఫిల్‌ను ఫోన్ వచ్చిందని గోడకు ఆనించి వెళ్లిపోవద్దు. వానాకాలంలో పైన కనిపించే ఇనుముకు కుట్టుమిషన్ నూనె గుడ్డతో పలచగా రాయండి, తుప్పు పట్టదు. కానీ గాలి వచ్చే బెజ్జంలో ఏ నూనే వేయకూడదు. లోపలి ఒత్తిడికి ఆ నూనె మండి, సీలూ స్ప్రింగూ పాడవుతాయి.

ఆర్నెల్ల తర్వాత కూడా ఫైల్లో కార్డులు పెరుగుతూనే ఉంటే అప్పుడు ఖరీదైన రైఫిల్ గురించి, రేంజ్‌లో శిక్షణ గురించి ఆలోచించండి. పెరగకపోతే పోయేది పెద్దగా ఏమీ లేదు, మంచి స్థితిలో ఉన్న .177 రైఫిల్‌ను బిల్లుతో సహా ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఒక విన్నపం. రైఫిల్ ఒక బీరువాలో, పెల్లెట్లు ఇంకో చోట, రెండింటికీ తాళం, తాళం చెవి మీ జేబులో. పండక్కి చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు చూపించమని ఎంత అడిగినా, పెద్దవాళ్లు పక్కన నిలబడి, అద్దాలు పెట్టించి, ఒక్కొక్కరి చేత కార్డు మీద కొట్టించే తీరిక లేకపోతే తియ్యొద్దు. ఈ కట్టుబాటు పాటించలేని ఇంట్లో ఎయిర్ గన్ ఉండకూడదు. పాటించగలమని అనుకుంటే ఈ ఆదివారం టేపు పట్టుకుని పెరడు కొలవండి, అట్టపెట్టె కుక్కండి, ఇసుక మూటలు పేర్చండి. అవి సిద్ధమయ్యాకే అంగడికి బయల్దేరండి.